పాగోలు వెంకయ్యగారు – రాఘవాపురము సంఘమునకు తండ్రి

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 17:22–31



ఏథెన్సు పట్టణములో పౌలు చేసిన ప్రసంగములో ఒక సంగతి మన పల్లెలకు మిక్కిలి దగ్గరగా నున్నది. ఏ జనులు ఏ కాలములో ఏ పొలిమేరలలో కాపురముండవలెనో దేవుడే నిర్ణయించెననియు, వారు తడవులాడియైనను తన్ను కనుగొనవలెనని అట్లు చేసెననియు అపొస్తలుడు బోధించెను. ఊరికి విడిగా, చెరువు గట్టు దాటి, ఎవరికిని అక్కరలేని చోట మన తాతల గుడిసెలు వేయించినవారు మనుష్యులు. అయితే ఆ చోటనే తన్ను వెదకు వానిని దేవుడు లేపెను. ఆయన పేరు పాగోలు వెంకయ్యగారు. కృష్ణా జిల్లా క్రైస్తవులలో పెద్దలకు ఈ పేరు తెలియనిది కాదు. పిల్లలకు చెప్పువారు తక్కువైరి గనుక ఈ నెల వారి చరిత్రను వ్రాయుచున్నాను.

మొదట ఆ కాలమును, ఆ నేలను తెలిసికొనవలెను. బెజవాడయొద్ద కృష్ణానది రెండు కొండల నడుమ నుండి వచ్చి దిగువ పల్లపు నేలలోనికి ప్రవేశించును. ఇప్పుడు మనము చూచు పచ్చని వరి పొలములు వెంకయ్యగారి బాల్యములో లేవు. 1832, 1833 సంవత్సరములలో నందన కరువు వచ్చి ఈ ప్రాంతములో లెక్కలేనంతమందిని తినివేసెను. నది నిండ నీరు సముద్రములోనికి పోవుచుండగా గట్టుమీది జనులు ఆకలితో చచ్చిరి. 1852లో ఆరంభించి 1855లో ముగించిన బెజవాడ ఆనకట్టతో కాలువలు సాగి, డెల్టా మాగాణియయ్యెను. అయితే ఆనకట్టకు ఎగువనున్న మెట్ట ఊళ్లకు ఆ నీరు అందలేదు. అక్కడ జొన్న, సజ్జ, పత్తి పండవలెనన్న వర్షమే ఆధారము. రాఘవాపురము అట్టి మెట్ట ప్రాంతపు గ్రామము. దానికి ఆవల నైజాము రాజ్యపు సరిహద్దు.

ఆ ఊరి మాలపల్లెలో వెంకయ్యగారు జన్మించిరి. పల్లెవారు కూలి చేసి, ముతక బట్టలు నేసి, ఊరివారికి వెట్టి చేసి బ్రతుకుచుండిరి. ఊరి బావిలో చేద వేయుటకు వారికి అధికారము లేదు. గుడి గడప త్రొక్కుటకును లేదు. వెంకయ్యగారు దేహబలము గలవారు, ధైర్యవంతులు, నలుగురిని తన వెంట నడిపింపగలవారు. ఆ బలము మొదట మంచి త్రోవను నడువలేదు. ఆయన దొంగల గుంపునకు నాయకుడై చుట్టుప్రక్కల ఊళ్లకు భయము పుట్టించెను. ఈ సంగతిని దాచనక్కరలేదు. జక్కయ్య సుంకరి యని లూకా దాచలేదు. సంఘమును హింసించితినని పౌలు తానే వ్రాసికొనెను. దేవుని కృప ఎంత లోతునకు దిగి వచ్చెనో తెలియవలెనన్న, మనుష్యుడు ఎంత లోతున నుండెనో చెప్పక తప్పదు.

1849లో ఆయన మనస్సు మారుటకు మొదలు పెట్టెను. మనము మ్రొక్కుచున్నవి రాళ్లే గాని దేవుడు కాడని బంధువొకడు ఆయనకు చెప్పెనని మన సంఘములలో చెప్పుకొందురు. ఆ మాట విత్తనమువలె ఆయన లోపల పడెను. రాయి దేవుడు కానియెడల దేవుడెవరు? ఎక్కడ నున్నాడు? ఈ ప్రశ్నకు పల్లెలో జవాబు చెప్పగలవారు లేరు. ఊరిలో చెప్పగల పండితులుండినను, పల్లెవానిని కూర్చుండబెట్టి చెప్పరు. అప్పుడు వెంకయ్యగారు ఒక పని చేసిరి. తనకు తెలియని ఆ మహా దేవునికే ప్రార్థన చేయనారంభించిరి. నీవెవరవో, ఎక్కడ నున్నావో నాకు కనుపరచుకొనుమని వేడుకొనిరి. విగ్రహములను విడిచిరి. తనవారికిని అదే నేర్పిరి. చేతిలో బైబిలు లేదు, బోధకుడు లేడు, ప్రభువు నామము చెవిని పడలేదు. ఇట్లు పది సంవత్సరములు గడచెను.

ప్రియులారా, ఈ పది సంవత్సరములను తేలికగా దాటిపోవద్దు. మూడు ఆదివారములు ప్రార్థించి, జవాబు రాలేదని నాలుగవ ఆదివారము మందిరమునకు రాని వారు మనలో నున్నారు. ఎవరికి ప్రార్థించుచున్నాడో ఎరుగని మనుష్యుడు పదియేండ్లు మానలేదు.

ఆ కాలమందు ఈ జిల్లాలో సువార్త లేకపోలేదు. 1841లోనే చర్చి మిషనెరీ సొసైటీవారు పంపిన రాబర్టు నోబిల్ దొరగారును, హెన్రీ ఫాక్సు దొరగారును బందరులో దిగిరి. నోబిల్ దొరగారు 1843లో బందరులో పాఠశాల తెరచి, 1865లో మరణించువరకు దానిని విడువలేదు. పై కులములవారు ముందుగా ప్రభువును తెలిసికొనినయెడల వారి ద్వారా దేశమంతటికి వెలుగు వచ్చునని ఆయన తలంపు. అందువలన మాల మాదిగల పిల్లలకు ఆ పాఠశాలలో ప్రవేశము లేకుండెను. ఆయన భక్తియందు సందేహము లేదు. ఆ పాఠశాలనుండి కొందరు యౌవనస్థులు గొప్ప నష్టమునకోర్చి ప్రభువు నొద్దకు వచ్చిరి. నోబిల్ కళాశాల నేటికిని బందరులో నున్నది. అయితే మిషనెరీలు ఒక తలుపునొద్ద నిలిచి తట్టుచుండగా, దేవుడు వేరొక తలుపును లోపలినుండి తెరచుచుండెను. బందరులో ఎవరికిని తెలియకుండ, మెట్ట ప్రాంతములో ఒక పల్లెవాడు ప్రార్థించుచుండెను.

1858లో బెజవాడలో మిషను స్థాపింపబడి, తామస్ డార్లింగు దొరగారు అక్కడ పనిచేయుచుండిరి. 1859లో వెంకయ్యగారు పండుగ స్నానములు జరుగు దినములలో బెజవాడకు వచ్చిరి. నది ఒడ్డున ఒక బ్రాహ్మణునితో దేవుని గూర్చి మాట కలుపగా, అట్టి సంగతులు చెప్పు తెల్లదొర ఒకడు ఈ ఊరిలోనే యున్నాడని ఆయనయే త్రోవ చూపెనని పెద్దలు చెప్పుదురు. వెంకయ్యగారు తన వారితో డార్లింగు దొరగారియొద్దకు వెళ్లిరి. దొరగారు ఒకే దేవుని గూర్చియు, పాపులకొరకు చనిపోయి లేచిన కుమారుని గూర్చియు చెప్పిరి. వెంకయ్యగారికి అది క్రొత్త మతముగా తోచలేదు. తాను పదియేండ్లుగా వెదకుచున్న దేవుడు ఈయనయేయని వెంటనే గుర్తించిరి.

కొర్నేలీ ఇంటికి పేతురు వెళ్లినప్పుడు ఇటువంటిదే జరిగెను. పేతురు చేరకమునుపే కొర్నేలీ ప్రార్థనలు దేవుని సన్నిధికి చేరియుండెను. డార్లింగు దొరగారు రాఘవాపురమునకు వెళ్లి బోధించిరి. ఆ 1859లోనే వెంకయ్యగారును, ఆయనతోకూడ మరికొందరును బాప్తిస్మము పొందిరి. బందరు, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా అను పేరు పెట్టినదియు ఆ సంవత్సరమే. జిల్లా హద్దులు తరువాత ఎన్నియో మారులు మారినవి. 1904లో గుంటూరు మరల వేరయ్యెను. 2022లో బెజవాడ కేంద్రముగా ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడెను. ఆ సంవత్సరము రాఘవాపురములో వేసిన సంఘపు పునాది మాత్రము కదలలేదు.

బాప్తిస్మము తరువాత వెంకయ్యగారు ముప్పది యేండ్లకు పైగా జీవించిరి. మిషనువారి జీతము పుచ్చుకొను పనివానిగా కాక, తన చేతి కష్టము తినుచు, బంధువులున్న పల్లెలకు నడిచి వెళ్లి ప్రభువును గూర్చి చెప్పిరి. మన పల్లెలలో పెండ్లి సంబంధములు, చావు పుట్టుకలు ఊరినుండి ఊరికి త్రోవలు వేయును. ఆ త్రోవలనే సువార్త నడిచెను. మేనత్త ఊరు, వియ్యంకుని ఊరు, చెల్లెలిని ఇచ్చిన ఊరు, ఇట్లు ఒక్కొక్క పల్లెకు వెలుగు చేరెను. దొరగారు గుడారము వేయువేళకు చాల చోట్ల పల్లెవారు ఎదురు చూచుచుండిరి. దొంగగా ఆయన పేరు విని తలుపులు వేసికొనిన ఊళ్లే, ఆయన మాట వినుటకు తలుపులు తీసినవి. రాఘవాపురము తరువాత మిషనువారికి ఒక ముఖ్య స్థానమయ్యెను.

ఆ దినములు సుఖమైనవి కావు. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి బందరులోను చుట్టుప్రక్కలను సుమారు ముప్పది వేల మంది చనిపోయిరి. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమంతట గొప్ప కరువు కలిగెను. ఆ కరువు చివర, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో గుండ్లకమ్మ యొద్ద అమెరికను బాప్టిస్టు మిషనువారు ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. అక్కడ మాదిగ సహోదరుడైన ఎర్రగుంట్ల పేరయ్యగారు అదివరకే త్రోవ సిద్ధపరచియుండిరి. ఇక్కడ వెంకయ్యగారు, అక్కడ పేరయ్యగారు. తెలుగు దేశములో పల్లెల సంఘములకు పునాది రాళ్లు పల్లెలోనే దొరికినవి. 1874లో కాకినాడ చేరిన కెనడా బాప్టిస్టు మిషనువారు కూడ, తమకు ముందుగా అక్కడ తామస్ గాబ్రియేలు అను తెలుగు సేవకుడు పని చేసి యుండుట చూచిరి.

1891లో వెంకయ్యగారు ప్రభువునందు నిద్రించిరి. కృష్ణపై రైలు వంతెన తెరచినది ఆ తరువాత రెండేండ్లకు. ఆయన కాలినడకన, బండ్ల త్రోవలను తిరిగి చేసిన పని ఆయనతో ముగిసిపోలేదు. 1912లో మన భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పుగా అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్యగారు తరువాత ఈ సంఘములకు కాపరియైరి. 1941 నాటికి దోర్నకల్ అధ్యక్ష ఖండములో క్రైస్తవులు రెండు లక్షలకు పైగా నుండిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ సంఘములన్నియు దానిలో చేరినవి.

ఇక మనలను మనము పరీక్షించుకొందము. వెంకయ్యగారి తరమువారిని ఊరివారు బావికి దూరముగా నుంచిరి. ఆయన వారసులమని చెప్పుకొను మనము ఏమి చేయుచున్నాము? ఒకే గ్రామములో మాలపల్లెకు ఒక మందిరము, మాదిగపల్లెకు ఒక మందిరము. ఒకే ప్రభువు బల్లయొద్ద చేయి చాపిన వారమే పెండ్లి పంక్తిలో వేరుగా కూర్చుందుము. అజరయ్యగారు ఈ గోడను పడగొట్టుటకు ఎంతో ప్రయాసపడిరి. అది ఇంకను పూర్తిగా పడలేదు. మనలను బావికి దూరముంచినందుకు ఊరివారిని నిందించుదుము. మన సహోదరుని మన పంక్తికి దూరముంచుచు ఆ నింద పలుకు హక్కు మనకు ఎక్కడిది? దేవుడు ఒకని నుండియే ప్రతి జాతిని సృష్టించెనని పౌలు చెప్పిన మాట, పైన వ్రాసిన భాగములోనే, పొలిమేరల మాటకు ముందుగా నున్నది.

మరియొక సంగతి. నేడు మన యౌవనస్థులు చదువులకు, ఉద్యోగములకు హైదరాబాదుకును విదేశములకును పోవుచున్నారు. పల్లె మందిరములో ముసలివారు మిగిలిరి. పట్టణమునుండి ప్రసంగీకులు వచ్చి మూడు రాత్రుల కూటములు పెట్టినగాని సంఘము లేవదని అనుకొనుచున్నాము. వెంకయ్యగారికి ఏ కూటములు పెట్టిరి? లౌడుస్పీకరు పెట్టించుటకు చందా వేసినంత సుళువుగా, ప్రక్క పల్లెకు నడిచి వెళ్లి జబ్బుగానున్న ముసలమ్మ మంచము ప్రక్కన కూర్చుండి ప్రార్థించుటకు మనము సిద్ధపడుటలేదు. బంధుత్వముల త్రోవలు ఇప్పటికిని ఉన్నవి. వాటిమీద ఏమి మోసికొని పోవుచున్నామో చూచుకొనవలెను.

కాబట్టి ఈ నెలలో ప్రతి సంఘమువారు ఒక సాయంకాలము ఏర్పరచుకొని, తమ గ్రామములోని రెండవ పల్లె మందిరమునకు వెళ్లి, అక్కడివారితో కలిసి ఆరాధించి, వారి ఇండ్లలో భోజనము చేయవలెనని కోరుచున్నాను. పెద్దలు ముందుగా నడిచినయెడల పిల్లలు వెంబడింతురు. ఆదివారపు బడి పిల్లలకు వెంకయ్యగారి చరిత్ర చెప్పి, అపొస్తలుల కార్యములు పదియవ అధ్యాయము చదివింపుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నిన్ను ఎరుగకయే నిన్ను వెదకిన నీ దాసుని నీవు కనుగొంటివి గనుక నీకు స్తోత్రము. నిన్ను ఎరిగియు వెదకని మమ్మును క్షమింపుము. మా పల్లెల మధ్యనున్న గోడలను పడగొట్టుము. మా కాళ్లకు నీ సమాధాన సువార్తను గూర్చిన సిద్ధమనస్సు నిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.