కర్నల్ మెకంజీ - మన ఊళ్ల కైఫీయతులు

తాత పేరు చెప్పగలవారు అనేకులు కలరు. ముత్తాత పేరు పితృకార్యములకై జ్ఞాపకముంచుకొందుము. అంతకు పూర్వపువాడు ఏ ఊరివాడు, ఇచటికి ఏల వచ్చెను అని అడిగినచో మనలో పెక్కురము నిరుత్తరులమగుదుము. ఈ వెలితిని కొంత తీర్పగల సాధనమును సమకూర్చి పోయిన మహనీయుడు కర్నల్ కాలిన్ మెకంజీ.

ఆయన స్కాట్లండునకు చేరిన లూయిస్ దీవిలో, స్టోర్నవే పట్టణమున 1754 ప్రాంతమున జన్మించెను. మొదట సుంకముల శాఖలో ఉద్యోగి. ఆ దేశమున నేపియరు ప్రభువను నొక జమీందారుండెను. సంవర్గమానములను కనిపెట్టిన గణితవేత్త జాన్ నేపియరు ఆయనకు పూర్వపురుషుడు. ఆ పూర్వుని చరిత్ర వ్రాయదలచిన ప్రభువు, హిందువులకు ఈ గణితము తెలిసియుండెనా యను విషయమును విచారించుటకు యువకుడైన మెకంజీ సాయమును గైకొనెను. 1773లో ప్రభువు మరణించుటతో ఆ యత్నము నిలిచిపోయెను. మెకంజీకి మాత్రము హిందూదేశ విద్యలయందు పుట్టిన ఆసక్తి చావలేదు.

1783లో ఆయన కుంఫిణీ సైన్యమున చేరి చెన్నపట్టణము వచ్చెను. నేపియరు ప్రభువు కుమార్తె అప్పటికి మధురలో కాపురముండెను. ఆమె ద్వారా అచటి పండితులతో పరిచయము కలిగెను. అన్యుని పూర్వుని జాడ వెదకుచు బయలుదేరినవాడు, ఆనాటి నుండి ఒక దేశము యొక్క పూర్వచరిత్రనే వెదకువాడయ్యెను.

మెకంజీకి దేశభాషలు రావు. ఆ కొరత తీర్చినవారు మన తెలుగువారు. ఏలూరివాడైన కావలి వెంకట బొర్రయ్య 1796లో ఆయన కొలువున చేరెను. శాసనములు చదువుటలోను, ప్రజలను మంచిమాటలతో ఒప్పించుటలోను బొర్రయ్య దిట్ట. 1803లో, ముప్పదియేండ్లు నిండకమునుపే, అతడు మరణించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను.

వీరి మనుష్యులు ఊరూర తిరిగి, కరణముల యొద్దనున్న కవిలెలను చూచి, వృద్ధుల నడిగి, గ్రామము పుట్టుక, దేవాలయములు, ఈనాములు, ఏలిన ప్రభువులు మొదలగు వివరములను వ్రాసికొనిరి. ఇవియే కైఫీయతులు. గుంటూరు సీమలోని పెక్కు కైఫీయతులలో, గణపతి మహారాజు ప్రధానియగు గోపరాజు రామన్న శా.శ. 1067లో గ్రామ కరణీకపు మిరాసీలు ఏర్పరచెనని కలదు. కాని కాకతీయ గణపతిదేవుడు రాజ్యమునకు వచ్చినది క్రీ.శ. 1199లో, ఆ శకసంవత్సరము క్రీ.శ. 1145. అర్ధశతాబ్దమునకు మించిన ఈ తేడాను బట్టి, పూర్వులను వెదకువారు ఇంటిమాటను శాసనముతో సరిచూచుకొనవలెనని తెలియుచున్నది. లెక్కలో తప్పున్నంత మాత్రమున పద్దు పుస్తకమును పారవేయము గదా!

మెకంజీ 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడిలో పాల్గొని, పిదప మైసూరు సీమను సర్వే చేయించెను. 1815లో హిందూదేశమునకు మొదటి సర్వేయరు జనరల్ అయ్యెను. 1816, 1817 సంవత్సరములలో అమరావతి శిల్పములకు చిత్రములు వ్రాయించెను. 1821 మే 8వ తేదీన బంగాళమున మరణించెను. ఆయన సేకరణలో 1,568 గ్రంథములు, 8,076 శాసనముల నకళ్లు, 6,218 నాణెములు ఉండెను. కుంఫిణీవారు లక్ష రూపాయలకు వానిని కొనిరి. పనిని సాగింపగోరిన లక్ష్మయ్యకు మాత్రము అవకాశము దొరకలేదు. శిథిలమగుచున్న తెలుగు కైఫీయతులకు తరువాత బ్రౌను దొర నకళ్లు వ్రాయించెను. అవి మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున నిలిచినవి.

మా ఇంటి అటకపై ఒక తాటాకుల కట్ట యుండెడిది. చదువరాదని నేను దానిని పట్టించుకొనలేదు. చదువనేర్చి అటక యెక్కు నాటికి చెదలు దానిని మట్టి చేసినవి. అందు మా పూర్వుల పేర్లుండెనో, పొలము కొలతలుండెనో ఇక చెప్పువారు లేరు. తప్పు నాదే. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమున పుస్తకములకు బీరువాలున్నవి. వానిలో ఒక అర మన ఊరి పాత కాగితములకు, తాటాకులకు కేటాయింతురు గాక! ఇంటింటి పెద్దలు తమకు తెలిసిన వంశక్రమమును ఒక కాగితముపై వ్రాసి అందుంచిన చాలును. ఎచటనో పుట్టిన మెకంజీ మన కొరకు అంత శ్రమపడగా, మన కొరకు మనము ఈ పాటి చేయలేమా?