జోడీగా నిలబడ్డ మనిషి: కోటా రామస్వామి

పోయిన సెమిస్టర్‌లో షటిల్ సెలెక్షన్స్ జరిగినప్పుడు నన్ను సింగిల్స్‌కి కాకుండా డబుల్స్‌కి తీసుకున్నారు. నా మొహం మాడిపోయింది. సింగిల్స్ గెలిస్తే నోటీసు బోర్డులో నా పేరొక్కటే ఉంటుంది, డబుల్స్‌లో గెలిచినా సగం పేరే కదా అని నా బాధ. ఆ ఆదివారం గాజువాకలో మా ఇంటికెళ్లి తాతయ్య దగ్గర ఇదే ఏడుపు ఏడ్చాను. ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. రేడియో కామెంటరీ కాలం నాటి క్రికెట్ పిచ్చి ఇంకా వదల్లేదు. నన్ను ఓదార్చకుండా, కోటా రామస్వామి ఎవరో తెలుసా అని అడిగారు. తెలీదన్నాను. ముందు అది తెలుసుకుని, తర్వాత ఏడవమన్నారు.

సరే అని చదవడం మొదలుపెట్టాను. చదివింది మీకూ చెప్తాను.

రామస్వామి 1896 జూన్‌లో మద్రాసులో పుట్టారు. తెలుగు కుటుంబం. తండ్రి బుచ్చిబాబు నాయుడు. చెన్నైలో ఇప్పటికీ జరిగే బుచ్చిబాబు టోర్నమెంట్ ఆయన పేరు మీదే. ఆ రోజుల్లో క్రికెట్ అంటే దొరల ఆట. మనవాళ్లు ఆడుకోవడానికి బుచ్చిబాబు మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టారు. దొరల జట్టుకీ మన జట్టుకీ సమానంగా ఒక మ్యాచ్ జరగాలని ఏర్పాట్లు చేశారు కానీ, అది చూడకుండానే 1908లో పోయారు. అప్పటికి రామస్వామికి పన్నెండేళ్లు. తర్వాతి కాలంలో సంక్రాంతి రోజుల్లో చెపాక్‌లో జరిగే ప్రెసిడెన్సీ మ్యాచ్‌గా ఆ కల నిలబడింది. తండ్రి చూడలేకపోయిన ఆ మ్యాచ్‌ల్లో కొడుకు ఎడమచేతి వాటం బ్యాట్స్‌మన్‌గా ఆడాడు.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదివాక 1919లో కేంబ్రిడ్జికి వెళ్లారు. అక్కడ ఆయనకి పేరు తెచ్చింది క్రికెట్ కాదు, టెన్నిస్. యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లకిచ్చే బ్లూ గౌరవం టెన్నిస్‌లోనే వచ్చింది. 1922లో డేవిస్ కప్‌కి ఇండియా టీమ్‌లోకి పిలిచారు. మన దేశం డేవిస్ కప్‌లో అడుగుపెట్టింది అంతకు ముందు ఏడాదే. అంటే జెండా లేదు, స్వాతంత్ర్యం లేదు, అయినా ఇండియా అనే పేరుతో ఒక టీమ్ ఉంది. అందులో ఫైజీ అన్నదమ్ములు ఉన్నారు. డబుల్స్‌లో ఫైజీకి జోడీ మన రామస్వామి.

డేవిస్ కప్ లెక్క తెలియనివాళ్లకి చెప్తాను. ఆ రోజుల్లో ఒక్కో పోటీలో ఐదు మ్యాచ్‌లు ఉండేవి: నాలుగు సింగిల్స్, ఒక్క డబుల్స్. మొదటి రోజు చెరో సింగిల్స్ గెలిస్తే, తర్వాత ఆడే డబుల్స్ దగ్గరే మొగ్గు ఎటో తెలిసిపోయేది. సగం పేరు అని నేను తీసిపారేసిన ఆట మీద మొత్తం టీమ్ కూర్చుని ఉండేదన్నమాట. ఆ ఏడు ఇండియా రొమేనియా మీద గెలిచి, స్పెయిన్ చేతిలో ఓడిపోయింది.

1923లో చదువు ముగించుకుని వచ్చి వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసుకున్నారు. ఉద్యోగం చేస్తూనే క్రికెట్, టెన్నిస్ రెండూ ఆడారు. ఇండియా మొదటి టెస్ట్ ఆడింది 1932లో. అప్పటికే ఆయనకి ముప్పై ఆరేళ్లు. అందరూ బ్యాట్ అటక మీద పెట్టేసే వయసు. మామూలుగా అయితే కథ ఇక్కడే అయిపోవాలి.

కానీ 1936లో ఇంగ్లాండ్ వెళ్లే టీమ్‌లో ఆయన పేరుంది. మద్రాసు నుంచే ఎం. జె. గోపాలన్ కూడా ఉన్నారు. ఆయన హాకీలోనూ దేశానికి ఆడినవాడు. క్రికెట్ టూర్ కోసం బెర్లిన్ ఒలింపిక్స్ వదులుకున్నాడు. రెండేసి ఆటల్లో దేశానికి ఆడినవాళ్లు ఒకే టూర్‌లో ఇద్దరన్నమాట. టీమ్‌లో సి. కె. నాయుడు ఉన్నారు. కెప్టెన్ విజ్జీ, అంటే మన పక్కనున్న విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతిరాజు. ఈయనే తర్వాత మన విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎంపీ అయ్యారు. ఆ టూర్ మాత్రం గొడవలతోనే గుర్తుండిపోయింది. లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్ట్‌కి ముందే ఇంటికి పంపేశారు. టీమ్ ముక్కలై ఉంది.

అలాంటి టీమ్‌లోకి, జూలై 25న మాంచెస్టర్‌లో, నలభై దాటిన రామస్వామి మొదటి టెస్ట్ ఆడటానికి దిగారు. ఇండియా 203కే ఆలౌట్. అందులో ఆయనవి 40. ఇంగ్లాండ్ 8 వికెట్లకి 571 కొట్టి డిక్లేర్ చేసింది. 368 పరుగులు వెనకబడ్డాక రెండో ఇన్నింగ్స్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్‌కి 203 జోడించారు. ఇద్దరూ సెంచరీలు చేశారు. చరిత్రలో మిగిలింది ఆ జోడీయే. అయితే వాళ్ల తర్వాత వికెట్లు టపటపా పడిపోయి ఉంటే ఆ 203కి విలువేముంది? రామస్వామి 60 కొట్టారు. ఇండియా 5 వికెట్లకి 390 చేసి మ్యాచ్ డ్రా చేసుకుంది.

తర్వాత ఓవల్‌లో 29, 41 నాటౌట్. అంతే. రెండు టెస్టులు, 170 పరుగులు, సగటు 56.66. ఇండియా మళ్లీ టెస్ట్ ఆడింది పదేళ్ల తర్వాత, 1946లో. మన దేశం తరఫున అంతకంటే పెద్ద వయసులో తొలి టెస్ట్ ఆడింది రుస్తుంజీ జంషెడ్జీ ఒక్కరే.

నాకు నచ్చింది ఆ సగటు కాదు. నాలుగు ఇన్నింగ్స్‌లో సెంచరీ ఒక్కటీ లేదు, కానీ ఊరికే అవుటైన ఇన్నింగ్స్ కూడా ఒక్కటీ లేదు. ప్రతిసారీ అవతల ఎవరో ఒకరికి తోడు నిలబడ్డారు. ఇది డబుల్స్ ఆడిన మనిషి అలవాటేమో అని నాకనిపిస్తుంది. కోర్టులో నీ సగం నువ్వు వదిలేస్తే పక్కవాడు ఎంత గొప్పవాడైనా ఏం చేయలేడు.

ఆట ఆపాక కూడా ఆట పక్కనే ఉన్నారు. 1952-53లో వెస్టిండీస్ వెళ్లిన టీమ్‌కి మేనేజర్‌గా వెళ్లారు. ఆటల పిచ్చోడి కబుర్లు అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో తన జ్ఞాపకాలు రాసుకున్నారు.

చివరి సంగతి చదివాక ఆ రాత్రి హాస్టల్లో నాకు నిద్ర పట్టలేదు. 1985 అక్టోబర్ 15న, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, మద్రాసులో ఇంట్లోంచి బయటికి వెళ్లారు. తిరిగి రాలేదు. క్రికెట్ రికార్డు పుస్తకాల్లో ఆయన పేరు పక్కన మరణం తేదీ ఉండాల్సిన చోట, చనిపోయి ఉంటారని మాత్రమే చాలాకాలం రాసుకున్నారు. జీవితమంతా ఎవరికో ఒకరికి జోడీగా నిలబడ్డ మనిషి ఆఖరి నడక ఒంటరిగా నడిచాడు.

మా డబుల్స్ సంగతి అడుగుతారేమో. రెండో రౌండ్‌లో ఓడిపోయాం. మూడో గేమ్ దాకా లాగాం. నోటీసు బోర్డులో మా ఇద్దరి పేర్లూ ఎక్కడా లేవు. అయినా వచ్చే ఏడాది కూడా మేమిద్దరం కలిసే ఆడదాం అనుకున్నాం.

మొన్న ఇంటికెళ్లి తాతయ్యకి ఇదంతా చెప్పాను. ఆఖరి సంగతి మాత్రం ఆయనకి ముందే తెలుసనుకుంటా, ఏం మాట్లాడలేదు. సాయంత్రం చెప్పులేసుకుని రోజూలాగే నడకకి బయల్దేరారు. ఈసారి నేనూ ఆయన పక్కనే వెళ్లాను.