అక్కమహాదేవి: ఉడుతడి నుండి కదళీవనము వరకు

అమరచింత సీమను ఒరసి ప్రవహించు కృష్ణానది దిగువకు సాగి, నల్లమల కొండల నడుమ శ్రీశైలమును చేరును. ఈ ప్రాంతపు లింగవంతులకు శ్రీశైల మల్లికార్జునుడు ఇంటి దైవము వంటివాడు. ఆలంపురము ఆ క్షేత్రమునకు పశ్చిమ ద్వారము. అచ్చంపేట దగ్గఱి ఉమామహేశ్వరము ఉత్తర ద్వారము. ఆ కొండలలో కృష్ణ ఒడ్డున అక్కమహాదేవి పేర ఒక గుహ కలదు. యాత్రికులు శ్రీశైలము నుండి పడవలో పోయి దానిని దర్శింతురు. ఎనిమిది వందల ఏండ్లకు పూర్వము కన్నడ దేశము నుండి ఒంటరిగా నడచి వచ్చిన ఒక స్త్రీ పేరు ఈ నీటి ఒడ్డున నేటికిని నిలిచియున్నది. ఆమె ఏమి విడిచి వచ్చెనో, ఏమి పొందెనో తెలిసికొనుట మన ఇండ్లలోని స్త్రీల స్థితిని తెలిసికొనుటయే.

ప్రాచీన కాలమున గార్గి నిండు సభలో యాజ్ఞవల్క్యుని ప్రశ్నించెను. మైత్రేయి భర్త ఇచ్చెదనన్న ధనమును కాదని ఆత్మవిద్యను కోరెను. బృహదారణ్యకోపనిషత్తు ఈ ఇరువురి కథలను భద్రపరచినది. తరువాతి కాలమున ఆ ద్వారము మూతపడెను. స్మృతికారులు స్త్రీని బాల్యమున తండ్రికి, యౌవనమున భర్తకు, వార్ధక్యమున కుమారునకు అధీనురాలిని చేసిరి. ఆమెకు వివాహమే ఉపనయనమనియు, పతిసేవయే గురుకులవాసమనియు విధించిరి. దైవమును చేరుటకు సయితము ఆమె మరియొకని చేయి పట్టుకొనవలసి వచ్చెను.

పన్నెండవ శతాబ్దమున ఈ కట్టడి మీద మొదటి గట్టి దెబ్బ కళ్యాణములో పడెను. అక్క నాగమ్మకు లేని ఉపనయనము తనకు వలదని బాల బసవన్న ఇల్లు విడిచెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన మార్గమున ఇష్టలింగము పురుషునకు వలెనే స్త్రీకిని దక్కెను. జనన, మరణ, రజస్సూతకములు లింగధారులకు లేవని శరణులు నిర్ణయించిరి. నెలకు కొన్ని దినములు స్త్రీని పూజకు దూరము చేయు ఆచారము దీనితో తొలగెను. మెడలోని లింగమును తన అఱచేతిలో తానే నిలుపుకొని పూజించు స్త్రీకి మధ్యవర్తి అక్కఱలేదు. మహాదేవి జీవితము ఈ సిద్ధాంతమునకు గొప్ప పరీక్ష.

నేటి శివమొగ్గ జిల్లాలోని ఉడుతడి ఆమె జన్మస్థలము. తల్లిదండ్రులు నిర్మలశెట్టి, సుమతి అని చామరసు తన ప్రభులింగలీలెలో పేర్కొనెను. చిన్ననాటనే ఆమె చెన్నమల్లికార్జునుని తన పతిగా వరించెను. ఆ దేశపు రాజు కౌశికుడు ఆమె రూపమును చూచి మోహించి పెండ్లికి కబురు పంపెను. కన్నవారు భయపడిరి. రాజును కాదన్న ఇంటికి ఏ గతి పట్టునో వారెఱుగుదురు.

ఇక్కడ కవులలో భేదము కలదు. అందఱికంటె ముందు ఆమె కథను రగడగా చెప్పిన హరిహరుడు, కన్నవారిని కాపాడుటకు మహాదేవి షరతులు పెట్టి ఆ పెండ్లికి ఒప్పుకొనెననియు, తన పూజకు, శివభక్తుల సేవకు అడ్డురాననిన మాటను రాజు తప్పినంతట విడిచి పోయెననియు వ్రాసెను. పదునైదవ శతాబ్దమునాటి చామరసు ఆమెకు ఆ పెండ్లియే జరుగలేదనెను. భర్తను విడిచిన స్త్రీని కొనియాడుట తరువాతి కాలమునకు కష్టమయ్యెనేమో అను ఆలోచన కలుగక మానదు. అయినను ఒక విషయమున ఇరువురు కవులును ఏకీభవించిరి. తన నిర్ణయము తానే చేసికొన్నది మహాదేవి. నగలతోపాటు కట్టుబట్టలను సయితము విడిచి, తల వెండ్రుకలే ఆచ్ఛాదనముగా ఆమె బయలుదేరెను.

ఒంటరి స్త్రీ, అందునను వస్త్రము లేని స్త్రీ, ఊళ్లు దాటి అడవులు దాటి నడచుట ఎంతటి సాహసమో వేఱుగ చెప్ప నక్కఱలేదు. దారిలో ఎదురైన వేధింపును, ఆకలిని, చలిని ఆమె తన వచనములలో దాచలేదు. ఊరు భిక్ష పెట్టును, చెఱువు దప్పి తీర్చును, పాడుపడిన గుడి పడుకకు చోటిచ్చును అను ధైర్యముతో ఆమె కళ్యాణము చేరెను.

అనుభవమంటపమున ఆమెను వెంటనే కూర్చుండబెట్టలేదు. అల్లమప్రభువు నిండు సభలో ఆమెను నిలదీసెను. నీ భర్త ఎవరని అడిగెను. దేహాభిమానమును విడిచినదానవైనచో కురులతో దేహమును కప్పుకొనుట ఎందులకని ప్రశ్నించెను. ఆ ప్రశ్న కఠినమైనది. సభలోని అనేకుల మనస్సులో మెదలుచున్నదియు అదియే. మహాదేవి తలవంచలేదు, కోపగించలేదు. చెన్నమల్లికార్జునుడే తన పతి అనెను. ఆ కప్పు తన సిగ్గు కొఱకు కాదనియు, చూచువారి మనస్సు చెదరకుండుటకనియు సమాధానమిచ్చెను. లోపము చూపబడిన దేహమున లేదు, చూచు కంటియందున్నదని సభకు తెలిసివచ్చెను. పరీక్షించిన ప్రభువే ఆమె వైరాగ్యమును మెచ్చుకొనెను. వయస్సున చిన్నదైన ఆమెను బసవాది శరణులు అక్క అని పిలిచిరి. రాజు ఇవ్వజూపిన రాణి పదవికంటె శరణులిచ్చిన ఈ రెండక్షరముల పదవి శాశ్వతమైనది.

ఆ మంటపమున ఆమె ఒక్కతెయే లేదు. వచనములు వ్రాసిన శరణీమణులు ముప్పదిమందికి పైగా కనబడుదురు. అమరచింతకు పొరుగుననున్న రాయచూరు సీమ నుండి వచ్చిన ఆయ్దక్కి లక్కమ్మ, భర్త మారయ్య అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినపుడు, ఎక్కువైనది తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెను. భర్తకు ధర్మము బోధించు భార్యను ఆనాటి సభ గౌరవించెను. సూళె సంకవ్వ వంటి, లోకము వెలివేసిన వృత్తి నుండి వచ్చిన స్త్రీ వచనమును సయితము శరణ సాహిత్యము నిలుపుకొన్నది.

మహాదేవి కళ్యాణమున ఎక్కువ కాలము నిలువలేదు. శరణుల సెలవు గైకొని శ్రీశైలము చేరి, కదళీవనమున తపస్సు చేసి మల్లికార్జునునియందు ఐక్యమయ్యెనని సంప్రదాయము. ఆమె వచనములు నాలుగు వందలకు పైగా నిలిచినవి. యోగాంగ త్రివిధి అను కృతియు ఆమె పేర కలదు.

కళ్యాణ విప్లవము చెదరిన తరువాత స్త్రీకి దక్కిన ఆ చోటు ఇండ్లలో మెల్లగా కుంచించుకొనిపోయెను. లింగము మెడలో నిలిచినది గాని, మాట సభకు రాలేదు. సంస్థానముల చివరి దశలో గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మయు, అమరచింతలో రాణి భాగ్యలక్ష్మమ్మయు పాలన చేసిరి. అయినను ఆ అధికారము రాజవంశపు కోడండ్రుగా వచ్చినందున సంక్రమించినది. రైతు ఇంటి స్త్రీకి దానివలన కొత్త హక్కు కలుగలేదు. ఆ హక్కులు శాసనములతో వచ్చినవి. 1929లో బాల్యవివాహ నిరోధక శాసనము, 1956లో హిందూ వారసత్వ శాసనము వచ్చెను. 1985లో ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగా జన్మహక్కు నిచ్చెను. దేశమంతటికి ఆ హక్కు 2005లో వచ్చెను. 1992 నాటి రాజ్యాంగ సవరణము పంచాయతీలలో మూడవ వంతుకు తక్కువ కాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించెను.

శాసనము భూమిని పంచగలదు, స్థానమును కేటాయించగలదు. కాని కుమార్తె ఒక సంబంధమును వలదన్నపుడు ఆమె మాటను వినుట శాసనమునకు సాధ్యము కాదు. అది ఇంటివారి పని. ఉడుతడిలో కన్నవారు రాజునకు భయపడిరి. నేడు లోకమునకు భయపడుచున్నాము. అనుభవమంటపము ఆమెను ప్రశ్నించినది, ఆమె సమాధానమును చివరివఱకు విన్నది, విన్న తరువాత లేచి గౌరవించినది. శివరాత్రికి శ్రీశైలము పోయి అక్క గుహ యెదుట చేతులు జోడించు ప్రతి కుటుంబము, ఇంటికి మరలి వచ్చిన తరువాత తన ఆడపిల్ల మాటను అట్లే వినగలిగినచో, ఆ యాత్ర సఫలమైనట్లే.