పాత్ర మనసెరిగిన నటుడు – బళ్ళారి రాఘవ

ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగా బ్రతికే మనబోటి వారికి కీర్తిశేషులు బళ్ళారి రాఘవగారు దగ్గరి బంధువు వంటివారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆయన పేరును మాత్రం తెలుగువారూ కన్నడిగులూ కూడా తమదిగానే చెప్పుకుంటారు.

వారి అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో జన్మించారు. తండ్రి నరసింహాచార్యులుగారు బళ్ళారిలో తెలుగు పండితులు. ఆంధ్ర నాటక పితామహులు ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు మేనమామ. రాఘవగారు మద్రాసులో చదివి, బళ్ళారిలో ప్లీడరుగా పేరు గడించారు. వేషం కట్టి పొట్ట పోసుకోవలసిన అవసరం లేనందున, మనసుకు పట్టిన పాత్రనే ఎంచుకోగలిగారు.

ఆ రోజుల్లో రాగం తీసి, 'వన్స్ మోర్' అనిపించుకున్నవాడే నటుడు. రాఘవగారు ఆ దారి తొక్కలేదు. భావం ముందు, రాగం తరువాత అన్నది వారి పట్టుదల. ఆయనకు పేరు తెచ్చిన పాత్రలు చూడండి: దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, షైలాక్, కోలాచలం శ్రీనివాసరావుగారి 'రామరాజు'లో పఠాన్ రుస్తుం. లోకం మెచ్చే నాయకులు కారు వీరు. అటువంటి వారికీ ఒక మనసు, ఒక అభిమానం, ఒక బాధ ఉంటాయని చూపడమే నటుని పని గదా!

తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు భాషల్లో ఆయన నటించారు. 1927లో గాంధీజీ ఎదుట 'దీనబంధు కబీర్' ప్రదర్శించారు. 1928లో ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలుసుకున్నారు.

స్త్రీ పాత్రను స్త్రీయే ధరించాలన్నది వారి మరో పట్టుదల. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటివారిని ప్రోత్సహించి రంగస్థలం మీదికి తెచ్చారు. 'ద్రౌపదీ మానసంరక్షణం' (1936), 'రైతుబిడ్డ' (1939) చిత్రాల్లో నటించినా, ఆయన ప్రాణమంతా నాటకం మీదనే. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. 1981లో భారత ప్రభుత్వం వారి పేర తపాలా బిళ్ళ వెలువరించింది.

ఉగాది పండుగకు మన పిల్లలచేత పద్యాలు చెప్పిస్తాం, నాటికలు వేయిస్తాం. తెలుగక్షరాలు రాని పిల్లలు వాటిని ఇతర లిపుల్లో వ్రాసుకుని బట్టీ పడుతున్నారు. చప్పట్లు పడుతున్నాయి, అర్థం మాత్రం జారిపోతున్నది. ఈ ఏడు పద్యం నేర్పేముందు దాని అర్థం చెబుదాం. వేషం కట్టే ముందు ఆ పాత్ర ఎందుకు అలా మాట్లాడుతున్నదో పిల్లలనే అడుగుదాం. రాఘవగారికి మనం ఇవ్వగల నివాళి అదే.