గ్రంథాలయ పితామహులు శ్రీ అయ్యంకి వెంకట రమణయ్య

పాఠశాలకు తరగతి గదులు దేహమైతే గ్రంథాలయం ప్రాణం వంటిది. మన పాఠశాల 75 సంవత్సరాలు పూర్తిచేసుకొని ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభసమయంలో, తమిళనాట స్థిరపడిన తెలుగువారమైన మనం స్మరింపదగిన మహనీయులలో శ్రీ అయ్యంకి వెంకట రమణయ్య గారు ఒకరు. పల్లెటూరి సామాన్యునికి పుస్తకాన్ని చేరువ చేయడమే జీవితధ్యేయంగా ఎంచుకొని, గ్రంథాలయోద్యమ పితామహులుగా కీర్తి గడించిన వారి జీవితం మన పిల్లలు తప్పక తెలుసుకోదగినది.

రమణయ్య గారు 1890వ సంవత్సరం జూలై 24వ తేదీన తూర్పుగోదావరి జిల్లా కొంకుదురు గ్రామంలో జన్మించారు. 1907లో వందేమాతర ఉద్యమం తెలుగు నేలను ఊపివేస్తున్న వేళ బిపిన్ చంద్రపాల్ గారు ఆంధ్రదేశంలో పర్యటించి ఊరూరా ఉపన్యసించారు. బందరులో ఆ ఉపన్యాసం విన్న పదునారేండ్ల రమణయ్య గారి మనస్సులో దేశసేవాసక్తి నాటుకొన్నది. అనంతరం వారు బందరు నుండి వెలువడిన 'ఆంధ్రభారతి' మాసపత్రిక నిర్వహణలో పాలుపంచుకొన్నారు. గురజాడ వారి 'దిద్దుబాటు' కథ 1910లో వెలుగు చూచినది ఈ పత్రికలోనే. అయితే పత్రికను అచ్చువేసినంత మాత్రాన అది పల్లెకు చేరదు. చేరినా చదువగలవారు ఊరికి కొద్దిమందే ఉన్న రోజులవి. ఈ అంతరాన్ని పూడ్చగల సాధనం గ్రంథాలయమేనని వారు గ్రహించారు.

అప్పటికే తెలుగునాట గ్రంథాలయాలు లేకపోలేదు. 1886లో విశాఖపట్నంలోను, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పేరిటను, ఆ తరువాత మరికొన్ని పట్టణాలలోను, గ్రామాలలోను ఉత్సాహవంతులు పుస్తక భాండాగారాలను నెలకొల్పారు. కాని అవి దేనికది విడివిడిగా ఉండేవి. ఒక ఊరి వారి అనుభవం మరొక ఊరికి తెలిసేది కాదు. స్థాపించిన వ్యక్తి ఊరు విడిచిపోతే తలుపులు మూతపడే ప్రమాదముండేది.

ఈ లోపాన్ని సవరించుటకు 1914వ సంవత్సరం ఏప్రిల్ 10వ తేదీన విజయవాడలోని రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. దీనిని సమావేశపరచిన వారిలో ముఖ్యులు రమణయ్య గారే. ప్రసిద్ధ రచయిత శ్రీ చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. ఆనాడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అవతరించింది. మన దేశంలో గ్రంథాలయాల కొరకు వెలసిన ఇటువంటి సంఘాలలో ఇదే మొదటిది. అప్పటికి రమణయ్య గారి వయస్సు ఇరువది నాలుగేండ్లైనా నిండలేదు.

అటుపిమ్మట 'గ్రంథాలయ సర్వస్వము' అనే పత్రికను వారు నడిపారు. గ్రంథపాలకులకు 1920లో విజయవాడలో శిక్షణ తరగతులు ఏర్పాటు చేశారు. గ్రంథాలయ యాత్రల పేరిట కార్యకర్తలు ఊరూరా తిరిగి ప్రజలను మేల్కొలిపారు. పల్లెటూరి గ్రంథాలయమంటే బీరువాలో పుస్తకాలు పేర్చి తాళం వేసే చోటు కాదు. సాయంకాలం పొలం పనులు ముగించుకొని వచ్చినవారికి ఒకరు పత్రిక చదివి వినిపించే చోటు. అక్షరం రానివారికి రాత్రిబడి. ఊరివారందరు కలసి కూర్చుండి మంచిచెడ్డలు ముచ్చటించుకొనే చావడి. చదువురానివానికి సైతం గ్రంథాలయంలో స్థానమున్నదన్నదే ఈ ఉద్యమంలోని గొప్పదనం.

రమణయ్య గారి దృష్టి ఆంధ్రదేశానికే పరిమితం కాలేదు. 1919వ సంవత్సరం నవంబరు 14వ తేదీన మద్రాసు నగరంలో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరుగుటకు వారి కృషియే ప్రధాన కారణం. బరోడా సంస్థాన గ్రంథాలయ శాఖాధిపతి శ్రీ కుడాల్కర్ గారు ఆ సభకు అధ్యక్షులు. 1968 నుండి దేశమంతటా నవంబరు 14న మొదలయ్యే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు ఆ మహాసభను స్మరింపజేస్తున్నవి. ఏటా బాలల దినోత్సవం నాడు మిఠాయిలు పంచుకొనే మన పిల్లలకు, ఆ తేదీ వెనుక ఒక తెలుగువాని శ్రమ కూడ ఉన్నదని, అది మనమున్న ఈ తమిళనాటనే ఫలించినదని చెప్పవలసి ఉన్నది.

వారు వేసిన బాటలో ఎందరో నడిచారు. గుంటూరు జిల్లా పెదపాలెంలో శ్రీ పాతూరి నాగభూషణం గారు 1935లో పడవను గ్రంథాలయంగా మార్చి, కృష్ణా కాలువ వెంట ఉన్న గ్రామాలకు పుస్తకాలను చేరవేశారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేనప్పుడు గ్రంథాలయమే పాఠకుని రేవుకు వెళ్లింది. కాలక్రమంలో ప్రభుత్వం కూడ ఈ బాధ్యతను స్వీకరించింది. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్ను వలన ఊరి గ్రంథాలయానికి స్థిరమైన ఆధారం లభించింది. 1972లో భారత ప్రభుత్వం రమణయ్య గారిని పద్మశ్రీ బిరుదుతో సత్కరించింది. 1979వ సంవత్సరం మార్చి 7వ తేదీన వారు పరమపదించారు.

ఇంత చరిత్ర గల జాతికి వారసులమైన మనం నేడెక్కడ ఉన్నామో ఆలోచించాలి. మన బడిలో తెలుగు మాధ్యమంలో చేరే పిల్లల సంఖ్య ఏటికేడు తగ్గుతున్నది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కూడ తెలుగు అక్షరం చదువలేని తల్లిదండ్రులెందరో నాకు తెలుసు. ఒకనాడు ఒక తల్లి నా వద్దకు వచ్చి, తనకు తెలుగు చదువ రాదని, బడి నుండి అమ్మాయి తెచ్చిన కథల పుస్తకాన్ని రాత్రివేళ అది పైకి చదువుతూ ఉంటే అమ్మమ్మతో కలసి తానూ వింటున్నదని చెప్పింది. మరునాడు ఆ అమ్మాయికి ఒకటికి బదులు రెండు పుస్తకాలిచ్చి పంపించాను. నాటి పల్లె గ్రంథాలయంలో జరిగినది ఇదే కదా అని నాకు తోచింది.

కనుక పూర్వ విద్యార్థులకు నాదొక విన్నపం. ఈ ఉత్సవాల జ్ఞాపకంగా ఒక్కొక్కరు ఒక మంచి తెలుగు పుస్తకాన్ని మన గ్రంథాలయానికి ఇవ్వండి. వీలైనవారు వారానికొక గంట వచ్చి పిల్లల నడుమ కూర్చుండి చదివి వినిపించండి. ఉపాధ్యాయులమైన మేము బీరువాలకు తాళం వేయక, పుస్తకాలు నలిగినా పిల్లల చేతికిచ్చే బాధ్యత వహిస్తాము. రమణయ్య గారికి మనం అర్పింపగల నిజమైన నివాళి అదే.