బేగంపేటలో దోమ గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్.. అణాకో కాటు తిన్న హుసేన్ ఖాన్

వానలు మొదలైతే చాలు, గడ్డిఅన్నారం, సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీల్లో దోమలు, వాటి వెనకే జ్వరాలు. నాలుగు రోజులైనా జ్వరం దిగకపోతే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆటో ఎక్కుతారు. ఆ ఆసుపత్రికి ఉన్న పూర్తి పేరులో సర్ రొనాల్డ్ రాస్ అనే డాక్టర్ పేరుంది. జనం నోట్లో మాత్రం అది ఫీవర్ ఆసుపత్రే. మలేరియా దోమ ద్వారానే వస్తుందనడానికి గట్టి సాక్ష్యం దొరికింది మన శహర్‌లోనే, ఆ రాస్ చేతుల్లోనే.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో పెద్ద అధికారి. కొడుక్కేమో కవిత్వం, బొమ్మలు, లెక్కలంటే పిచ్చి. తండ్రి పట్టుబట్టి లండన్‌లో డాక్టరీ చదివించాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరినా చాలా ఏళ్లు మనసు పెట్టి పనిచేసింది తక్కువే.

అప్పటికి మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని లోకం నమ్మకం. 1880లో అల్జీరియాలో లావరాన్ అనే ఫ్రెంచ్ డాక్టర్ రోగి రక్తంలో ఓ సూక్ష్మజీవిని చూశాడు. అది ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎలా చేరుతుందన్నది ఎవరికీ అంతుపట్టలేదు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ ఆ క్రిమిని రాస్‌కు మైక్రోస్కోప్‌లో చూపించి, దోమలను అనుమానించమన్నాడు. రాస్ జీవితం అక్కడ మలుపు తిరిగింది.

1895లో సికింద్రాబాద్‌లోని 19వ మద్రాస్ పదాతిదళానికి డాక్టర్‌గా వచ్చాడు. ఇక్కడ ఆయన మొదట వెతుక్కున్న రోగుల్లో అబ్దుల్ ఖాదిర్ అనే ఆయన ఒకరు. సూదితో గుచ్చి రక్తం చుక్క తీసుకోవాలంటే డబ్బులిచ్చి ఒప్పించాల్సి వచ్చేది. దోమ చచ్చిన నీళ్లు తాగితే రోగం వస్తుందని మాన్సన్ అనుకునేవాడు. అది తేల్చడానికి రాస్ అలాంటి నీళ్లను మనుషులకు తాగించి చూశాడు కూడా. ఇవాళైతే ఏ కమిటీ దీనికి సంతకం పెట్టదు.

రెండేళ్లు ఏమీ దొరకలేదు. ఆయన కోసిన దోమలన్నీ వేరే జాతివి. మధ్యలో బెంగళూరు కలరా డ్యూటీ, ఊటీ దగ్గర తనకే మలేరియా. 1897 జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్ చేరాడు. ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు చేతికొచ్చాయి. వాటి లార్వాలను పెంచి, పెద్దయ్యాక హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీదికి వదిలాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా. పదహారు దోమలు కుడితే ఒక రూపాయి అన్న మాట.

ఎండకు, చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పుపట్టాయి. పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుందని ఉక్కలోనే కూర్చున్నాడు. ఆగస్టు 20న, నాలుగు రోజుల క్రితం హుసేన్ ఖాన్ రక్తం తాగిన దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రంగు రేణువులు. అచ్చం మలేరియా క్రిమిలో ఉండేవే. మర్నాడు ఇంకో దోమలో అవే కణాలు ఇంకా పెద్దగా ఉన్నాయి. అంటే దోమ కడుపులో క్రిమి పెరుగుతోంది! ఆ ఆనందంలో రాస్ కవిత రాసుకున్నాడు. డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరాలు అచ్చయ్యాయి.

ఇంతలోనే బదిలీ. మలేరియా పెద్దగా లేని రాజపుతానాలోని ఖేర్వారాలో పడేశారు. సర్కారీ ఉద్యోగమంటే అప్పుడూ అంతే. 1898లో కలకత్తా పంపితే అక్కడ ప్లేగు భయం. సూది పట్టుకున్న దొరను చూస్తే జనం పారిపోయేవారు. దాంతో పిట్టల మలేరియా మీద పడ్డాడు. అక్కడ ఆయనకు కుడిభుజంగా నిలిచింది మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు. ఆ జూలైలో క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, దోమ కుడితే ఆరోగ్యంగా ఉన్న పిట్టకు రోగం అంటుతుందని తేలింది. మనుషుల్లోనూ ఇదే జరుగుతుందని ఇటలీలో గ్రాస్సీ బృందం ఆ ఏడాది చివర్లో రుజువు చేసింది. ఘనత ఎవరిదన్న గొడవ చచ్చేదాకా నడిచింది. రాస్ ఈ విషయంలో మొండివాడు, నోటి దురుసు కూడా ఉంది.

1902లో నోబెల్ రాస్ ఒక్కరికే వచ్చింది. తర్వాత సర్ బిరుదూ వచ్చింది. అయినా సర్కారు తన పనికి తగిన డబ్బివ్వలేదని ఆయన జీవితాంతం అలిగే ఉన్నాడు. 1928లో తన కాగితాలన్నీ అమ్మకానికి పెడితే లేడీ హ్యూస్టన్ అనే ధనవంతురాలు 2,000 పౌండ్లకు కొన్నది. నాలుగేళ్లకు, 1932 సెప్టెంబర్ 16న, రాస్ లండన్‌లో కన్నుమూశాడు.

ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచమంతా దోమల దినంగా జరుపుకుంటోంది. రాస్ పనిచేసిన బేగంపేట భవనం ఉస్మానియా యూనివర్సిటీ చేతిలో ఉంది. ఆయన కాగితాలు లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్‌లో భద్రంగా ఉన్నాయి. ఒక అణాకు ఒక కాటు తిన్న హుసేన్ ఖాన్ పేరు మనదాకా వచ్చింది రాస్ రాతల వల్లే.