తిరుత్తణిలో మొదలైన పాట: ముత్తుస్వామి దీక్షితులవారి జీవితం

మన కనకమ్మ సత్రం మీదుగా తిరుత్తణికి పోయే బస్సుల్లో కృత్తిక రోజు నిలబడేందుకు కూడా చోటుండదు. కావడి మొక్కు ఉన్నవాళ్ళు, గుండు చేయించుకునేవాళ్ళు, పిల్లల చెవులు కుట్టించేవాళ్ళు అందరూ ఆ కొండకే వెళతారు. కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులవారి మొదటి కీర్తన పుట్టింది ఆ కొండ మీదేనన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈసారి ఆయన గురించి రాస్తున్నాము.

ఆయన తండ్రి రామస్వామి దీక్షితులు కూడా గొప్ప సంగీత విద్వాంసులే. హంసధ్వని రాగాన్ని కల్పించింది ఆయనేనని చెబుతారు. చాలాకాలం సంతానం లేక ఆ దంపతులు వైదీశ్వరన్ కోయిలలో ముత్తుకుమారస్వామిని కొలిచారు. 1775లో తిరువారూరులో కొడుకు పుడితే ఆ స్వామి పేరే పెట్టుకున్నారు. తర్వాత చిన్నస్వామి, బాలుస్వామి అనే ఇద్దరు తమ్ముళ్ళు పుట్టారు. వాళ్ళది తమిళ కుటుంబమే. అయినా ఆ రోజుల్లో సంగీతానికి తెలుగే భాష కనుక, 108 రాగాలతో తండ్రి కూర్చిన రాగతాళమాలిక తెలుగులోనే సాగింది.

మద్రాసు దగ్గర మణలిలో ముదలియార్ల ఆదరణ దొరకడంతో కుటుంబం అక్కడికి మారింది. ఆ ఇంటికి వచ్చిన చిదంబరనాథ యోగి అనే సన్యాసి పెద్దకొడుకును తనతో కాశీకి పంపమని అడిగారు. నోములు నోచి కన్న బిడ్డను అంత దూరం పంపడం ఆ తల్లిదండ్రులకు ఎంత కష్టమో వేరే చెప్పాలా? అయినా పంపారు. కాశీలో కొన్నేళ్ళు గురుసేవ చేస్తూ ముత్తుస్వామి వేదాంతం, మంత్రశాస్త్రం నేర్చుకున్నారు, హిందుస్తానీ సంగీతం విన్నారు. చివరికి గురువు గంగలోనే సిద్ధి పొందారు.

గురువును పోగొట్టుకుని తిరిగివచ్చిన ఆ యువకుడు తిరుత్తణి చేరి సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలో ధ్యానంలో కూర్చున్నారు. ఒక ముసలాయన వచ్చి నోరు తెరవమని, నోట్లో కలకండ వేసి కనిపించకుండా పోయాడట. ఆ తీపి నాలుక మీద ఉండగానే మాయామాళవగౌళలో శ్రీనాథాది గురుగుహో అనే కీర్తన వచ్చిందని పెద్దలు చెబుతారు. ఎనిమిది విభక్తుల్లోనూ వరుసగా కీర్తనలు చేశారు. అప్పటినుంచి గురుగుహ అన్నదే ఆయన ముద్ర. కాశీలో తన గురువు పోయిన మనిషి, గురువూ దైవమూ ఒకటేనని ఆ ఒక్క మాటలో చెప్పుకున్నారు.

తర్వాత ఆయన బతుకేమీ సుఖంగా సాగలేదు. కంచి, తిరువణ్ణామలై, చిదంబరం వంటి క్షేత్రాలు తిరిగి తిరువారూరులో స్థిరపడ్డారు. రాజును పొగిడి రాని డబ్బు రాబట్టుకోవడం ఆయనకు చేతకాలేదు. ఇంట్లో ఇబ్బంది చూడలేక తంజావూరు రాజును ఆశ్రయించమని ఇల్లాలు అడిగితే, లలిత రాగంలో లక్ష్మీదేవి మీద పాడారట. ఆ రాత్రి కలలో అమ్మవారిని చూశాక ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదని కథ. ఇంకోసారి ఇంట్లో బియ్యం నిండుకుంటే, శిష్యురాలు కమలం తన గాజులు కుదువ పెడతానంది. ఆయన వద్దని త్యాగరాజస్వామి మీద పాడుకుంటూ కూర్చున్నారు. ఎవరో అధికారి వస్తాడని తెప్పించిన సరుకులు, అతను రాకపోయేసరికి ఆయన ఇంటికి చేరాయట.

మాకు ఎక్కువ నచ్చిన కథ తంబియప్పది. ఈ మద్దెల వాయించే శిష్యుడికి తీరని కడుపునొప్పి. జాతకంలో గురుగ్రహం బాగాలేదని తేలింది. అతనికి మంత్రజపం చేసే అధికారం లేదని ఆనాటి ఆచారం. దీక్షితులవారు అఠాణా రాగంలో బృహస్పతి మీద కీర్తన కట్టి నేర్పి, మంత్రంలా రోజూ పాడుకోమన్నారు. అతని నొప్పి తగ్గింది. నవగ్రహ కీర్తనలు అలా మొదలయ్యాయని చెబుతారు. శనిని కూడా ఆయన యదుకులకాంభోజిలో నిండు మనసుతో కొలిచారు. మనం శనివారం నువ్వులనూనె దీపం పెట్టేది భయంతో. ఆయన భయపెట్టే గ్రహాన్ని సైతం స్తోత్రం చేశారు. కష్టం తీరాక దేవుణ్ణి పొగడడం ఎవరైనా చేస్తారు. అది తీరుతుందో లేదో తెలియనప్పుడు పాడగలగాలంటే సాధన కావాలి.

తండ్రి గతించారు. తమ్ముడు చిన్నస్వామి మదురైలో కన్నుమూశాడు. బాలుస్వామి ఎట్టయపురం ఆస్థానంలో ఉన్నాడని తెలిసి ఆయనను వెతుక్కుంటూ బయలుదేరారు. దారిలో ఎండిన పొలాలు చూసి అమృతవర్షిణిలో పాడితే వాన కురిసిందని చెబుతారు. 1835లో నరకచతుర్దశి నాడు ఎట్టయపురంలో, శిష్యులు మీనాక్షి అమ్మవారి కీర్తన పాడుతుండగా ఆయన ప్రాణం పోయింది. సమాధి అక్కడే ఉంది.

ఆ కీర్తనలు మనదాకా ఎలా వచ్చాయి? బాలుస్వామి దౌహిత్రుడు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు వాటిని స్వరాలతో సహా సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే పెద్ద గ్రంథంగా 1904లో ఎట్టయపురంలో అచ్చు వేయించారు. తమిళనాడు నడిబొడ్డున, తమిళ కుటుంబం వెలువరించిన ఆ గ్రంథం ఉన్నది తెలుగు లిపిలో!

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మన పెద్దలు ఇల్లు మారలేదు, ఊరు మారలేదు, రాష్ట్రం మారింది. ఇప్పుడు మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. రేపు వాళ్ళకు మనమేం మిగులుస్తామోనన్న దిగులు మా సంఘంలో ప్రతి సమావేశంలోనూ వినిపిస్తుంది. తమిళ కుటుంబం తెలుగు అక్షరాల్లో దాచిన సంపదను తెలుగు పిల్లలు చదవలేకపోవడం మన కష్టాల్లో చిన్నది కాదు.

డిసెంబరు 31 రాత్రి తిరుత్తణిలో 365 మెట్లకూ మెట్టుకో పాట చొప్పున తిరుప్పుగళ్ పాడుతూ భక్తులు కొండ ఎక్కుతారు. రాబోయే ఏడాదిలో ఏముందో ఎవరికీ తెలియదు, అయినా పాడుతూ ఎక్కుతారు. ఈసారి వెళ్ళేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. మొదటి మెట్టు దగ్గర దీక్షితులవారి కథ చెప్పండి. ఇంటికి వచ్చాక రోజుకో తెలుగు అక్షరం దిద్దించండి. ఏడాది తిరిగేసరికి ఆ గ్రంథం మీద పేరు వాళ్ళే చదువుతారు.